గ్లాసు అంచున నిమ్మ తొక్క: ఆ తొక్క డబ్బు ఎవరి జేబులోకి పోయింది?



ఈసారి పోస్టు కాస్త పొడుగు. పొలం పని చూసుకుని, తీరిగ్గా కూర్చున్నప్పుడు చదవండి. విషయం వింటే ముందు నవ్వొస్తుంది మీకు. పట్నంలో పెద్ద హోటళ్ళ బార్లలో కాక్‌టెయిల్ అని పోస్తారు కదా, ఆ గ్లాసు అంచున ఒక నిమ్మ చెక్కో, మెలి తిప్పిన నారింజ తొక్కో పెడతారు. ఆ తొక్క ముక్క కథ ఇది. తాగమని చెప్పడానికి రాయట్లేదండోయ్, మొదటే చెప్తున్నా. మందు సంగతి పక్కన పెట్టండి. ఆ తొక్క ఏ చెట్టు నుంచి వచ్చింది, ఆ చెట్టు రైతుకి ఏం మిగిలింది, అదీ మనకి కావలసింది. నిమ్మ, బత్తాయి వేసినవాళ్ళు మరీ శ్రద్ధగా చదవండి.

ముందు, అసలు తొక్కే ఎందుకు పెడతారో చూద్దాం. చిన్నప్పుడు కమలాపండు తొక్కని దీపం దగ్గర నొక్కి చిటపటలాడించని వాళ్ళు ఎవరున్నారు చెప్పండి? ఆ చిటపటలాడేది తొక్కలో ఉండే నూనె. పై తొక్క మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయే, అవి నూనె తిత్తులు. రసంలో పులుపు ఉంటుంది, వాసనంతా ఈ తిత్తుల్లో ఉంటుంది. బార్ల వాళ్ళు పలచగా తొక్క చెక్కి, గ్లాసు మీద పట్టుకుని మెలి తిప్పుతారు. నూనె సన్నటి తుంపరగా పైన పడి తేలుతుంది. గ్లాసు మూతి దగ్గరికి తెచ్చేసరికి ముందు ముక్కుకి తగిలేది ఆ వాసనే. లోపలి తెల్ల పొర చేదు కాబట్టి అది రాకుండా చెక్కుతారు. అంటే ఆ గ్లాసుకి కావలసింది కాయలో రసం ఎంతుందన్నది కాదు, తొక్క ఎంత బాగుందన్నది. మచ్చ, గజ్జి, గీత ఉన్న కాయ ఆ పనికి చెల్లదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో మాట. వాళ్ళు వాడే లెమన్ వేరు, మన నిమ్మ వేరు. లెమన్ కోలగా, కొనదేరి, పసుపుపచ్చగా, మందం తొక్కతో ఉంటుంది. మనది గుండ్రంగా, పలచటి తొక్కతో ఉంటుంది. కాగితమంత పలచన కాబట్టే దాన్ని కాగ్జీ నిమ్మ అంటారు. లెమన్ తొక్కని మెలి తిప్పొచ్చు. మన కాయని ముక్క కోసి గ్లాసు అంచున గుచ్చడమే.

మత్తు పానీయంలో నిమ్మ కలపడం తెల్లవాళ్ళు ఎక్కడ నేర్చారంటారు? మన దేశంలో వ్యాపారం చేస్తూనే అలవాటు పడ్డారు. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మసాలా కలిపి పంచ్ అని పిలిచేవాళ్ళు. ఐదు దినుసులు కాబట్టి మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు. ఇంగ్లీషు రాతల్లో ఆ పేరు మొదట్లో కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఈస్టిండియా కంపెనీ మనిషి రాబర్ట్ ఆడమ్స్, పెటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే తోటి ఉద్యోగికి రాశాడు. ఆ పెటపోలి ఎక్కడో కాదు, మన నిజాంపట్నం! 1611 నుంచే ఇంగ్లీషువాళ్ళకి అక్కడ వ్యాపార స్థావరం ఉండేది. తెనాలి నిమ్మ రైతులారా, ఈ కథ మీ ఇంటి గుమ్మం దగ్గరే మొదలైంది చూడండి.

ఇక కాక్‌టెయిల్ సంగతి. 1806లో అమెరికాలో ఒక పత్రిక ఆ మాటకి అర్థం అచ్చేసింది. మద్యం, పంచదార, నీళ్ళు, చేదు మూలికల ద్రావకం. అంతే. నిమ్మ ఊసే లేదు. తర్వాత న్యూ ఆర్లీన్స్ రేవు పట్నంలో జోసెఫ్ సాంతిని అనే బారు యజమాని 1850ల ప్రాంతంలో క్రస్టా అని ఒకటి తయారు చేశాడు. గ్లాసు అంచుకి నిమ్మ రాసి పంచదారలో అద్దేవాడు. సగం లెమన్ తొక్కని తెగకుండా ఒకే పట్టీలా ఒలిచి గ్లాసు లోపల చుట్టూ అమర్చేవాడు. 1862లో జెర్రీ థామస్ అచ్చేసిన పుస్తకంలో ఈ పద్ధతి ఉంది. కాక్‌టెయిళ్ళ మీద అమెరికాలో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్ని చెప్తారు. మామూలు కాక్‌టెయిళ్ళలో కూడా ఒక లెమన్ తొక్క పిండమని అందులో రాశాడు. ఇప్పుడు ఏ బారులో చూసినా కనిపించే తొక్క మెలిక అలా స్థిరపడింది.

సరే, న్యూ ఆర్లీన్స్‌కి అన్ని లెమన్లు ఎక్కడివి? ఎక్కువగా ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవివి. పాలెర్మో రేవులో ఎక్కిన పెట్టెలు సముద్రం దాటి అమెరికా రేవుల్లో దిగేవి.

సిసిలీలో లెమన్ అంతగా పెరగడానికి కారణం మందు కాదు, రోగం. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి స్కర్వీ అనే జబ్బు వచ్చేది. చిగుళ్ళు కుళ్ళి, పాత గాయాలు మళ్ళీ తెరుచుకుని చచ్చిపోయేవాళ్ళు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది రోగులని ఇద్దరిద్దరు చొప్పున విడదీసి తలా ఒక మందు ఇచ్చి చూశాడు. నారింజలు, లెమన్ ఇచ్చిన ఇద్దరే వారం తిరక్కుండా లేచి తిరిగారు. అయినా బ్రిటిష్ నౌకాదళం లెమన్ రసాన్ని ఖాయం చెయ్యడానికి 1795 దాకా పట్టింది. అప్పటి నుంచి లెమన్‌కి గిరాకీ ఎలా పెరిగిందో మీరే ఊహించుకోండి. పాలెర్మో చుట్టూ ఉన్న మైదానమంతా తోటలయింది.

ఇక్కడే రైతు గుండె పట్టుకునే సంగతి ఉంది. లెమన్ తోట అంటే డబ్బున్న తోట. కానీ దానికి బావి కావాలి, ఏతం కావాలి, కాలువలు కావాలి, చుట్టూ గోడ కావాలి. మొక్క నాటాక ఏళ్ళ తరబడి పెట్టుబడే తప్ప రాబడి ఉండదు. ఒక్క వారం నీళ్ళు ఆగితే తోట పోతుంది. ఒక్క రాత్రి దొంగలు పడితే ఏడాది పంట పోతుంది. ఇంత పెట్టుబడి పెట్టినవాడు దేనికి భయపడతాడో, దాన్నే అమ్ముకునేవాళ్ళు బయల్దేరారు. తోటకి కాపలా మేం చూస్తాం, కాయ మేం అమ్మిపెడతాం, నీళ్ళు మేం వదుల్తాం అన్నారు. వద్దంటే కాయ మాయమవుతుంది. ఆ కాపలాదార్ల గుంపులే తర్వాత ప్రపంచమంతా మాఫియా అని పిలిచిన దానికి ఒక వేరు. ఇది నా ఊహ కాదు. ఆర్థిక శాస్త్రవేత్తలు ఊరూరి లెక్కలు తీసి, నారింజ లెమన్ తోటలున్న చోటే మాఫియా ఎక్కువగా పుట్టిందని చూపించారు.

ఒక్క మనిషి కథ చెప్తాను. గస్పారె గలాటి అనే డాక్టరు. 1872లో పాలెర్మో శివారులో చనిపోయిన తన బావమరిది తాలూకు లెమన్ తోట చూసుకునే బాధ్యత ఆయన మీద పడింది. చిన్న తోటే, నాలుగు హెక్టార్లు. అంటే మన లెక్కలో పదెకరాలు. తోట కాపలాదారు బెనెడెట్టో కరోల్లో అమ్మిన ప్రతి సరుకులో 20 నుంచి 25 శాతం తన జేబులో వేసుకునేవాడు. మోటారు పంపు లాంటి ఆవిరి యంత్రం ఉంటే, దాని బొగ్గు కూడా వదల్లేదు. బేరం కుదిరిన కాయ, కొనేవాడు వచ్చేలోపు చెట్టు మీద ఉండేది కాదు. తోట పేరు చెడగొట్టి చవగ్గా కొట్టేద్దామని వాడి ఎత్తు. డాక్టరు వాణ్ణి పనిలోంచి తీసేశాడు. 1874లో కొత్త కాపలాదారుని వెనక నుంచి తుపాకీతో కాల్చి చంపారు. ఆ తర్వాత పెట్టుకున్నవాడి మీదా కాల్పులు జరిగాయి. పోలీసుల దగ్గరికి పోతే పట్టించుకున్న నాథుడు లేడు. 1875లో ఆయన పెళ్ళాం పిల్లలతో తోటా ఇల్లూ వదిలేసి నేపుల్స్‌కి పారిపోయాడు. అక్కడి నుంచి మంత్రికి మొత్తం రాసి పంపాడు. ఆ అర్జీ ఉండబట్టే ఈ కథ మనకి తెలుస్తోంది.

తుపాకీ సంగతి పక్కన పెట్టి ఆ లెక్క ఒక్కటి చూడండి. నాలుగో వంతో, ఐదో వంతో చెట్టుకీ కొనేవాడికీ మధ్య నిలబడ్డవాడికి పోయింది. తొక్క మెలి తిప్పి గ్లాసులో వేసేవాడికి ఈ సంగతులేవీ తెలియవు.

సముద్రం అవతల కూడా ఆ పెట్టెల వెంట రక్తం పోయింది. లెమన్ ఓడల్లోనే సిసిలీ పేదలు వేలమంది న్యూ ఆర్లీన్స్‌కి వలస వెళ్ళారు. రేవులో పళ్ళ ఓడల సరుకు దింపే కాంట్రాక్టు కోసం వాళ్ళల్లో రెండు కుటుంబాలు తగువుపడ్డాయి. 1890లో ఆ ఊరి పోలీసు అధిపతి హత్య జరిగింది. నింద ఇటాలియన్ల మీద పడింది. విచారణలో ఒక్కరి మీదా నేరం తేలలేదు. అయినా 1891 మార్చి 14న వేలమంది గుంపు జైలు మీద పడి 11 మందిని చంపేసింది. కాంట్రాక్టు ఎవరిదైనా, ప్రాణం పోయింది మాత్రం బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళది.

ఇదే రోజుల్లో అమెరికా పడమటి తీరాన కాలిఫోర్నియా రైతులు నారింజ, లెమన్ తోటలు వేశారు. రైలు పడింది, నీళ్ళు వచ్చాయి, కాయ బ్రహ్మాండంగా కాసింది. మరి డబ్బు? కాయని కమీషన్ వ్యాపారి చేతిలో పెట్టి తూర్పు పట్నాలకి పంపేవాళ్ళు. అక్కడ ఏ రేటుకి అమ్మాడో, ఎంత కుళ్ళిందన్నాడో, వాడు చెప్పిందే లెక్క. రైలు కిరాయి, పెట్టెల ఖర్చు, కమీషన్ పోగా రైతుకి డబ్బు రావడం అటుంచి, ఎదురు బాకీ కాగితం వచ్చేది. బాకీని ఎర్ర సిరాతో రాస్తారు కాబట్టి 1890ల మొదట్లో ఆ గడ్డు కాలాన్ని ఎర్ర సిరా ఏళ్ళు అని పిలుచుకున్నారు. కాయ అమ్మి ఎదురు డబ్బు కట్టడం! టమాటా రోడ్డు మీద పారబోసినవాళ్ళకి ఈ బాధ వివరించి చెప్పక్కర్లేదు.

1892లో రివర్‌సైడ్ అనే ఊరి దగ్గర చాంబ్లిన్ అనే రైతు ముందు నిలబడి కొందరిని సంఘంగా కూడగట్టాడు. 1893లో అలాంటి సంఘాలన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా ఫ్రూట్ ఎక్స్ఛేంజ్ అయ్యాయి. పద్ధతి ఇదీ. ఊరి సంఘానికి సొంత ప్యాకింగ్ షెడ్డు. అక్కడ అందరి కాయా గ్రేడు చేసి కలిపేస్తారు. ఏ రైతు కాయ ఏ గ్రేడులో ఎంత పోయిందో రాసుకుంటారు. అమ్మకం కేంద్ర సంఘానిది. వచ్చిన డబ్బు గ్రేడుని బట్టి పంచుతారు. మధ్యలో లాభం తీసుకునేవాడు లేడు, అయిన ఖర్చే. 1907లో పెట్టెల చెక్క కొనడానికి కూడా విడిగా ఒక సంస్థ పెట్టుకున్నారు. చెక్క ధర పెంచి వ్యాపారులు ఏడిపిస్తుంటే, మన పెట్టె మనమే చేసుకుందాం అన్నారు.

మొదట్లో అన్నీ సాఫీగా సాగలేదు. రైల్లో కాయ కుళ్ళిపోయేది. తూర్పుకి చేరేసరికి నీలి బూజు. రైలు కంపెనీదే తప్పు, ఐసు చాల్లేదు అని రైతులు తిట్టుకున్నారు. ప్రభుత్వ వ్యవసాయ శాఖ నుంచి హెరాల్డ్ పావెల్ అనే పళ్ళ నిపుణుడు వచ్చి తోటలోంచి రైలుదాకా కాయ వెంట నడిచి చూశాడు. చూసి తేల్చిందేమిటంటే, జబ్బు రైల్లో లేదు, మన చేతుల్లోనే ఉంది. కోసేటప్పుడు కత్తెర మొన తొక్కకి తగులుతోంది. తొడిమ పొడుగ్గా వదిలితే అది పక్క కాయని గుచ్చుతోంది. గోరు తగిలినా, పెట్టెలోకి విసిరినా తొక్క చిట్లుతోంది. బూజు ఆ గాయంలోంచే దూరుతోంది. తొక్క చెక్కుచెదరని కాయ అదే రైల్లో, అదే ఎండలో నిక్షేపంగా చేరుతోంది. 1908లో దీని మీద నివేదిక అచ్చయింది. తొడిమ పొట్టిగా కత్తిరించడం, చేతికి గ్లౌజులు, కాయని విసరకుండా పెట్టడం మొదలయ్యాయి. కుళ్ళు బాగా తగ్గింది. ఆ పావెల్‌నే 1912లో సంఘం తన మేనేజరుగా పెట్టుకుంది. రైతుల సంఘం ఒక శాస్త్రవేత్తని జీతమిచ్చి నెత్తిన పెట్టుకుందన్నమాట!

తొక్కని కాపాడటం నేర్చాక ఆ తొక్క మీద పేరు వెయ్యడం నేర్చారు. 1908లో సన్‌కిస్ట్ అన్న పేరు పెట్టి అయోవా రాష్ట్రంలో ప్రకటనలు ఇచ్చారు. మేలురకం కాయని పేరున్న పలచటి కాగితంలో చుట్టి పంపారు. చిల్లర కొట్లవాళ్ళు వేరే కాయని కూడా సన్‌కిస్టే అని అంటగడుతుంటే, చుట్టిన కాగితాలు దాచి పంపితే చెంచా ఇస్తాం అన్నారు. దాంతో కొనేవాళ్ళే కాగితం ఉందా అని అడగడం మొదలుపెట్టారు. లెమన్ మీద సుంకం కోసం రాజధానిలో గట్టిగా పట్టుబట్టారు. 1909లో విదేశీ లెమన్ మీద సుంకాన్ని పౌనుకి ఒక సెంటు నుంచి ఒకటిన్నరకి పెంచారు. ఆ తర్వాత అమెరికా గ్లాసుల్లో సిసిలీ తొక్క తగ్గుతూ, కాలిఫోర్నియా తొక్క పెరుగుతూ వచ్చింది.

తర్వాత ఇంకో దెబ్బ. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. బార్లు మూతబడ్డాయి, గ్లాసు లేదు, అంచున తొక్కా లేదు. మరి తోటలు ఎండిపోయాయా? లేదండీ. ఎందుకంటే నిషేధానికి ముందే, 1916లోనే, నారింజని తినడమే కాదు తాగండి అని సంఘం ప్రచారం మొదలుపెట్టింది. పొద్దున్నే ఇంటింటా నారింజ రసం అలవాటయింది. లెమన్ టీలోకి పోయింది, వంటింట్లోకి పోయింది. కాయకి నాలుగు దారులుంటే ఒకటి మూసుకున్నా రైతు బతుకుతాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆపేస్తే మాత్రం అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ కాయ కోసిన చేతులు ఎవరివి? ముందు చైనా, జపాను కూలీలు, తర్వాత ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. రైతులు కమీషన్ వ్యాపారి మీద ఏకమయ్యారు సరే, తమ దగ్గర కూలీలు ఏకమైతే సహించలేదు. 1936లో ఆరెంజ్ కౌంటీలో వేలమంది కోత కూలీలు కూలి పెంచమని పని ఆపితే తుపాకులతో, అరెస్టులతో అణిచేశారు. తొక్కకి గీత పడకుండా కోసే నైపుణ్యమంతా ఆ చేతుల్లోనే ఉంది. దాని ఫలం మాత్రం ఆ చేతుల్లో పడలేదు. మనం సంఘం పెట్టుకునే రోజున ఈ సంగతి కూడా గుర్తుండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గూడూరు, పొదలకూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లలో నిమ్మ ఎలా పోతుందో మీకు తెలుసు. ఎండాకాలం ఒక ధర, వానాకాలం కోత కూలి కూడా రాని ధర. మనం చాలామందిమి ఏం చేస్తాం? కర్రతో లాగుతాం, కిందపడ్డది ఏరుతాం, బస్తాలో కుక్కుతాం, ఆటోలో వేస్తాం. గజ్జి ఉన్నదీ నున్నటిదీ ఒకే బస్తాలో. తర్వాత వ్యాపారి గ్రేడు చేసి మంచి కాయకి మంచి ధర తెచ్చుకుంటాడు. ఆ తేడా మనది కావలసింది.

బార్ల కోసం నిమ్మ పెంచమని నేను అనట్లేదు. పచ్చడికైనా, షర్బత్తుకైనా, పూజకైనా, దూరం పంపే పెట్టెకైనా లెక్క ఒకటే. తొక్క చెడకుండా కోసిన కాయ రెండు రోజులు ఎక్కువ ఆగుతుంది. రెండు రోజులు ఆగే కాయ ఉన్న రైతు ఆ సాయంత్రమే తెగనమ్మక్కర్లేదు. కానీ ఒక్కడు జాగ్రత్తగా కోసి ఒక్క బస్తా తీసుకుపోతే మండీలో ఎవరూ వేరే రేటు రాయరు. పదిమంది కలిసి ఒకే గ్రేడు కాయ ఒక బండి నింపితే అప్పుడు మాట్లాడొచ్చు. గలాటి డాక్టరు చదువుకున్నవాడు, ధైర్యవంతుడు, నిజాయితీపరుడు. ఒంటరివాడు కాబట్టి ఓడిపోయాడు. రివర్‌సైడ్ రైతులు ఆయనకన్నా తెలివైనవాళ్ళేం కాదు. కలిసి ఒక షెడ్డు కట్టుకున్నారు, తమ కాయ తామే తూకం వేసుకున్నారు.

మన దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కాగితం మీద చాలానే ఉన్నాయి. కాయ గ్రేడు చేసి, కలిపి అమ్మి, గ్రేడుని బట్టి డబ్బు పంచుతున్న సంఘం మీ దగ్గర ఉంటే కింద రాయండి. ఎలా నడుపుతున్నారో, కోత కూలీలకి ఏం ఇస్తున్నారో కూడా రాయండి. మీ మండీలో నున్నటి కాయకీ గజ్జి కాయకీ బస్తాకి ఎంత తేడా ఇస్తున్నారో తప్పకుండా చెప్పండి. పదిమంది చెప్పిన ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే మనకే తెలుస్తుంది, తొక్క డబ్బు ఎక్కడ ఆగిపోతోందో.